చలానా అనుకున్నా...

నయాగరా జలపాతాన్ని నేను ఒక పక్క నుంచే చూశాను. అమెరికా పక్క నుంచి. "అదేంటి, అసలు అందమంతా కెనడా వైపు నుంచేగా! వంతెన దాటితే అయిపోయేది కదా" అని ఆఫీసులో కనీసం పదిమంది అడిగుంటారు. టైము కుదరలేదనో, వీసా రాలేదనో ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటూ వచ్చా. అసలు కారణం వేరే. అది నయాగరా దగ్గర కాదు, మా లింగంపల్లి రైల్వే బ్రిడ్జి దగ్గర మొదలైంది.

2021 డిసెంబరు. ఆరునెలలుగా తినేస్తున్న రిలీజు ఆ రోజే బయటకెళ్ళింది. గచ్చిబౌలిలో టీమంతా పార్టీ. రాత్రి పదకొండున్నరకి బయటకొచ్చి ఫోన్లో క్యాబు చూస్తే చందానగర్‌లో మా రూముకి రెండువందల చిల్లర చూపించింది. "పది కిలోమీటర్లు లేదు, దీనికి రెండొందలా!" అనుకుని బైకు తీశా. నెల జీతం ఎంతో చెప్పను గానీ, ఆ రాత్రి నా లెక్క మాత్రం అది.

సెంట్రల్ యూనివర్సిటీ గేటు దాటి, బ్రిడ్జి కిందకి దిగే ముందు (వానొస్తే చెరువైపోయే బ్రిడ్జే, ఇటువైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు) బారికేడ్లు కనిపించాయి. వెనక్కి తిప్పే సందు లేదు. ఊదమన్నారు. ఊదాను. 94 అని వచ్చింది. నా వెనకే వస్తున్న కొలీగు ఊదితే 41. చట్టం ప్రకారం వంద మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. కాబట్టి ఇద్దరికీ ఒకటే కేసు, రెండు బళ్ళూ అక్కడే. "మామా, నీకంటే సగం కూడా తాగలేదు, నాకూ ఇదే శిక్షా" అని వాడు దారిపొడుగునా గొణుగుతూనే ఉన్నాడు. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎంతో తర్వాత ఎప్పుడో తెలిసింది. అది కిందకి వస్తుంది.

కౌన్సెలింగుకి ఇంట్లోవాళ్ళని వెంటబెట్టుకు రమ్మన్నారు. మా బాబాయి కొడుకు మియాపూర్‌లో ఉంటాడు, ఆ అన్నయ్యని బతిమాలి తీసుకెళ్ళా. నాన్నకి చెప్పనని ఒట్టు వేయించుకున్నాక గానీ కదల్లేదు నేను. ఎందుకంటే మా నాన్న ఆర్టీసీ డ్రైవరు. రాజమండ్రి డిపోలో రిటైరయ్యారు. సర్వీసు మొత్తంలో ఒక్క యాక్సిడెంటు లేదు. మా ఇంట్లో టీవీ పక్కన ఉండేది నా ఇంజనీరింగు పట్టా కాదు, ఆయనకి డిపోలో ఇచ్చిన మెమెంటో.

2022 జనవరిలో కోర్టు. నాలాంటివాళ్ళు హాలు నిండా ఉన్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళని మెడలో ట్యాగు లేకపోయినా గుర్తుపట్టొచ్చు, అందరూ ఫోనులో మెయిళ్ళు చూస్తూ ఉంటారు :). పేరు పిలిచారు. "తాగి నడిపావా?" "నడిపాను సార్." అంతే. రెండు నిమిషాలు. జడ్జిగారు ఫైను వేశారు, కౌంటర్లో కట్టి రసీదు తీసుకున్నా. బయటకొచ్చి నేనూ, మా 41 గాడూ బిర్యానీ తిన్నాం. సాయంత్రం స్టాండప్ కాల్‌లో "పొద్దున ఎక్కడికెళ్ళావ్" అని మేనేజరు అడిగితే, "చలానా పనుంటే వెళ్ళొచ్చా" అని చెప్పా.

చలానా! రెండున్నరేళ్ళు నేను దాన్ని అలాగే పిలిచాను. మీలో చాలామందీ అలాగే పిలుస్తారు.

హెల్మెట్ లేకపోతే వచ్చేది చలానా. ఆన్‌లైన్లో కట్టేస్తే అక్కడితో సరి. తాగి నడపడం అలాంటిది కాదు. అది మోటారు వాహనాల చట్టంలో 185వ సెక్షను. రోడ్డు మీద కట్టేసి పోవడం కుదరదు, కోర్టుకెళ్ళాల్సిందే. మొదటిసారికే ఆరునెలల దాకా జైలు గానీ, పదివేల దాకా ఫైను గానీ, రెండూ గానీ వేయొచ్చు. 2019 సెప్టెంబరు ముందు ఆ ఫైను రెండువేల వరకే ఉండేది. నేను "నడిపాను సార్" అన్న క్షణంలో జరిగింది నేరం ఒప్పుకోలు, ఆయన ఫైను అన్న క్షణంలో జరిగింది దోషిగా నిర్ధారణ. ఇంగ్లీషులో కన్విక్షన్. ఆ మాట మన సీరియళ్ళలో హంతకులకి వాడతారు కాబట్టి మనకి తగలదనుకుంటాం.

నాకు తగిలింది 2024లో. బఫెలోలో క్లయింటుతో ఏడు వారాల పని, బీ1 వీసా మీద వెళ్ళాలి. డీఎస్-160 నింపుతుంటే ఒక పేజీలో అడిగాడు: ఎప్పుడైనా, ఏ నేరానికైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా? క్షమాభిక్ష దొరికినా సరే చెప్పాలట. ట్రాఫిక్ కేసులు మినహా అని ఎక్కడైనా ఉందేమోనని ఆ పేజీని ఓ ఇరవైసార్లు చదివుంటా. లేదు.

ఫారం నింపిపెట్టే ఒక కన్సల్టెన్సీ వాడిని అడిగా. "నో పెట్టేయండి సార్. అందరూ అదే పెడతారు. మన పోలీసు రికార్డు వాళ్ళకెలా తెలుస్తుంది?" అన్నాడు, టీ తాగుతూ. నిజం చెప్పొద్దూ, ఒకరోజంతా నేనూ 'నో' వైపే ఉన్నాను. చివరికి 'ఎస్' పెట్టింది నిజాయితీతో కాదు, భయంతో. అమెరికా వలస చట్టంలో వీసా కోసం ముఖ్యమైన విషయంలో అబద్ధమాడి దొరికితే జీవితాంతం నిషేధం ఉంది. తాగి నడిపిన కేసు ఒక్కటే ఉంటే అది దానికదే వీసాకి అడ్డు కాదు. అంటే తప్పుకి లేని శిక్ష దాచినందుకు పడుతుందన్నమాట. ఇంజనీరుని కదా, ఈ లెక్క అర్థమైంది.

నానక్‌రామ్‌గూడ కాన్సులేటులో ఆఫీసరు కోర్టు కాగితాలు చూసి, రెండు ప్రశ్నలు వేసి, వాళ్ళ ప్యానెల్ డాక్టరు దగ్గరికి పంపింది. గడిచిన ఐదేళ్ళలో మద్యం కేసు ఒక్కటున్నా అలా పంపుతారు. తాగుడు నీకు జబ్బా, లేక ఒక రాత్రి తెలివితక్కువతనమా అని తేల్చడానికి. డాక్టరు గారు ఎంత తాగుతావు, ఎప్పుడెప్పుడు తాగుతావు అని ఓపిగ్గా అడిగి రిపోర్టు పంపారు. కొన్ని వారాలకి వీసా వచ్చింది. హమ్మయ్య, ఇక అయిపోయింది అనుకున్నా.

ఇంతకీ అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. మా అక్కా బావా ఉండేది మిస్సిసాగాలో, టొరంటో పక్కనే. బఫెలో నుంచి కారులో రెండు గంటల లోపు. 2024 మార్చిలో వాళ్ళకి బాబు పుట్టాడు. నేను బఫెలోలో దిగే సెప్టెంబరుకి వాడికి ఆరో నెల. అన్నప్రాసన. నా టికెట్టు సంగతి చెప్పగానే అక్క ఫోన్లో అరిచిన అరుపు ఇంకా చెవుల్లో ఉంది. "ఒరేయ్, వీడికి మొదటి ముద్ద మేనమామ ఒళ్ళో కూర్చుని తినే యోగం ఉందిరా!" అమ్మానాన్నలకి ప్రయాణం కుదరలేదు. పుట్టింటి తరఫున నేనొక్కడినే.

కెనడా విజిటర్ వీసా ఫారం తెరిచా. అదే ప్రశ్న, మాటలు వేరు. ఏ దేశంలోనైనా నేరం చేశారా, అరెస్టయ్యారా, అభియోగం మోపారా, శిక్ష పడిందా? అమెరికావాడే ఇచ్చాడు, వీళ్ళెందుకివ్వరులే అనుకుంటూనే, ఎందుకైనా మంచిదని టొరంటోలో ఒక ఇమ్మిగ్రేషన్ లాయరుతో అరగంట డబ్బులిచ్చి మాట్లాడా. ఆవిడ చెప్పింది నాకర్థమైన మేరకు రాస్తున్నా, మీలో ఎవరికైనా పనికొస్తుందేమో.

కెనడా వాళ్ళు నీకు నీ దేశంలో ఎంత శిక్ష పడిందో చూడరు. నువ్వు చేసిన పనే కెనడాలో చేసుంటే అక్కడి చట్టంలో గరిష్ఠ శిక్ష ఎంతో చూస్తారు. 2018 డిసెంబరు 18 నుంచి అక్కడ తాగి నడపడానికి గరిష్ఠ శిక్ష ఐదేళ్ళ నుంచి పదేళ్ళకి పెంచారు. పదేళ్ళు అనగానే వాళ్ళ వలస చట్టంలో అది తీవ్ర నేరాల గడిలో పడుతుంది. పూర్వం ఇలాంటి కేసు ఒక్కటే ఉండి, శిక్ష పూర్తయి పదేళ్ళు గడిస్తే దానంతటదే చెల్లిపోయినట్టు లెక్క. 2018 తర్వాత చేసినవాళ్ళకి ఆ దారీ మూసుకుంది. నాది 2021.

తర్వాత ఆవిడ అడిగింది: "మీ రీడింగ్ ఎంత?" ఎందుకంటే ఇండియాలో హద్దు 30, కెనడా క్రిమినల్ కోడులో 80. మన దగ్గర 31 వచ్చినా నేరమే, అక్కడ 80కి చేరితే నేరం. నలభైల్లో వచ్చినవాడు, అది అక్కడి నేరానికి సమానం కాదని కనీసం వాదించొచ్చు. 94 వచ్చినవాడికి ఆ వాదన లేదు. మా 41 గాడు గుర్తొచ్చాడు. ఆ రాత్రి ఇద్దరికీ ఒకటే కేసు అని నవ్వుకున్నాం కదా.

మరి దారేంటి? రెండున్నాయి. మొదటిది శాశ్వతమైనది. శిక్ష పూర్తయి, అంటే నా విషయంలో ఫైను కట్టి, ఐదేళ్ళు నిండాక 'రిహాబిలిటేషన్' కోసం దరఖాస్తు పెట్టుకోవడం. నేను మారాను, మళ్ళీ చెయ్యను అని కాగితాలతో నిరూపించుకోవాలి. తీవ్ర నేరాల గడిలో ఉంటే ఫీజు వెయ్యి కెనడియన్ డాలర్ల పైనే, తేలడానికి ఏడాది దాటొచ్చు. నాకు ఐదేళ్ళు నిండేది 2027 జనవరిలో. రెండోది తాత్కాలిక పర్మిట్. రావాల్సిన అవసరం బలమైనది, నీవల్ల ప్రమాదం తక్కువ అని ఆఫీసరుకి అనిపిస్తే ఇస్తారు, లేకపోతే ఫీజు కూడా వెనక్కి రాదు. "అన్నప్రాసన అంటే మీకెంత ముఖ్యమో నాకు తెలుసు. ఆఫీసరుకి తెలియకపోవచ్చు. పైగా ఏడు వారాల్లో జవాబు వస్తుందని నేను మాట ఇవ్వలేను" అంది.

మళ్ళీ ఆ కన్సల్టెన్సీ వాడి గొంతు చెవిలో. 'నో' పెట్టేస్తే? కానీ ఈసారి ఆ సరదా కూడా లేదు. అమెరికా, కెనడా వీసా సమాచారాన్ని ఒకళ్ళతో ఒకళ్ళు పంచుకుంటాయి. అక్కడ 'ఎస్' అన్నవాడు ఇక్కడ 'నో' అంటే కంప్యూటరుకి పట్టుకోవడం ఎంతసేపు? కెనడాలో అబద్ధానికి ఐదేళ్ళ నిషేధం. ఈ సంగతి విన్న ఒక ఫ్రెండు ఓదార్పుగా, "జార్జి బుష్ కూడా 1976లో మెయిన్ రాష్ట్రంలో తాగి నడిపి పట్టుబడి తప్పొప్పుకున్నాడు తెలుసా" అన్నాడు. తెలుసు నాయనా. ఆయన ప్రెసిడెంటు హోదాలో వెళ్ళాడు, నేను మేనమామ హోదాలో వెళ్ళాలి.

అసలు కష్టం చట్టం కాదు. అక్కకి ఏం చెప్పాలి? వీసా రాలేదని చెబితే సరిపోతుంది. రిజెక్టు అవడం మనవాళ్ళకి మామూలే, ఎవరూ గుచ్చిగుచ్చి అడగరు. ఫారంలో రెండుసార్లు చెప్పబోయిన అబద్ధమే, ఈసారి పట్టుకునే కంప్యూటరు లేదు. మూడు రోజులు ఆ వాక్యాన్ని ప్రాక్టీసు చేశా. నాలుగో రోజు వీడియో కాల్‌లో అక్క, అన్నప్రాసనకి నా కోసం కొన్న పంచె చూపించింది. నోట్లోంచి వేరే వాక్యం వచ్చింది.

"అక్కా, నేను రాలేను. నామీద కేసుంది. తాగి బండి నడిపా. శిక్ష పడింది."

అక్క చాలాసేపు ఏం మాట్లాడలేదు. బాబు ఏడుపు మాత్రం వినిపిస్తోంది. తర్వాత అడిగింది, "ఎవరికైనా తగిలిందా?" లేదన్నా. "నాన్నకి తెలుసా?" లేదన్నా. "సరే, ఉండు" అని పెట్టేసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే మెసేజి: "మేమే వస్తాం. ముహూర్తం అదే. పరమాన్నం నువ్వే వండాలి."

వాళ్ళ దగ్గర ఇండియన్ పాస్‌పోర్టుల్లో పాత అమెరికా విజిటర్ వీసాలు ఇంకా చెల్లుతున్నాయి. బాబు కెనడాలో పుట్టాడు కాబట్టి కెనడా పౌరుడు, వాడికి వీసాయే అక్కర్లేదు. రోడ్డు మార్గంలో వచ్చే పదహారేళ్ళ లోపు కెనడా పిల్లలకి బర్త్ సర్టిఫికెట్టు చాలట. ఇద్దరు ఇంజనీర్లు, వీసాలు, ఇంటర్వ్యూలు ఒకపక్క, పళ్ళు కూడా రాని వాడు ఒక్క కాగితంతో ఒకపక్క.

ఆ శనివారం పొద్దున్నే వెళ్ళి రెయిన్‌బో బ్రిడ్జికి ఇటుపక్క నిలబడ్డా. 1941లో కట్టిన వంతెన అది. అవతలి ఒడ్డున హోటళ్ళ కిటికీలు లెక్కపెట్టొచ్చు, అంత దగ్గర. నదిలో రెండు దేశాల పడవలూ తిరుగుతున్నాయి, మనవైపు వాళ్ళకి నీలం రెయిన్‌కోట్లు, అటువైపు వాళ్ళకి ఎర్రవి. తుంపర మాత్రం రెండు పక్కలా ఒకటే పడుతోంది. జనం ఆ వంతెన మీద నడిచి అవతలికెళ్ళి, ఫొటోలు దిగి, మధ్యాహ్నానికి తిరిగొచ్చేస్తున్నారు. వాళ్ళలో ఎవరికీ అదొక గోడ అని తెలీదు. నాకూ తెలీకూడదు నిజానికి.

నా సర్వీస్ అపార్ట్‌మెంటులో, రైస్ కుక్కర్లో వండిన పరమాన్నం కాస్త అడుగంటింది. బావ అదేం గమనించనట్టు మంత్రాలకి ఫోనులో ఆడియో పెట్టాడు. బాబు నా ఒళ్ళో కూర్చుని మొదటి ముద్ద తుపుక్కున ఊశాడు, రెండోది మింగాడు. నాన్నావాళ్ళు వీడియోలో చూస్తున్నారు. "అదేంటమ్మా, ఇక్కడ చేస్తున్నారు, మీ ఇంట్లో కదా అనుకున్నాం" అని అమ్మ అడిగింది. అక్క నావైపు చూసింది, ఏం చెప్పలేదు. వెళ్ళేటప్పుడు కారెక్కుతూ అంది, "నాన్నకి నువ్వే చెప్పాలి. నా నోటితో చెప్పను, దాచను కూడా."

నవంబరులో తిరిగొచ్చా. నన్ను చూడ్డానికి నాన్న గౌతమిలో వచ్చారు. లింగంపల్లి స్టేషన్లో దింపుకుని, బయట ఇడ్లీ బండి దగ్గర టిఫిన్ చేస్తూ చెప్పేశా. ఇంటికెళ్ళాక చెబుదామనుకుంటే మళ్ళీ ధైర్యం చాలదని.

నాన్న ఇడ్లీ తినడం ఆపలేదు. "ఎంతొచ్చింది?" అన్నారు. తొంభై నాలుగు అన్నా. ఆయనకి ఆ అంకె అర్థం తెలుసు. డిపోలో డ్యూటీ ఎక్కే ముందు ఊదించే మిషను ఆయనకి కొత్త కాదు. చెయ్యి కడుక్కుని వచ్చాక అన్నారు, "ఆ రాత్రి నీకు ఎవరూ అడ్డం రాలేదు. అంతే. అందులో నువ్వు చేసిందేం లేదు. వచ్చుంటే వాళ్ళింట్లో అన్నప్రాసనలూ ఆగిపోయేవిరా." తర్వాత ఆ మాట ఎత్తలేదు. నేను బైకు తాళం తీస్తే, "నేను ఆటోలో వస్తాలే" అన్నారు. నేను తాగి లేను, ఉదయం ఎనిమిది గంటలు. అయినా ఆటోలోనే వచ్చారు. నాకు పడిన అసలు శిక్ష అది.

కెనడా చట్టం మరీ కఠినమా? చాలా రోజులు అలాగే వాదించా. ఒక్క రాత్రికి ఐదేళ్ళు ఎదురుచూడాలా అని. ఇప్పుడు ఆ వాదన నాకే నచ్చడం లేదు. వాళ్ళు అడిగింది ఒక్కటే: చేసింది ఒప్పుకో, శిక్ష పూర్తిచెయ్యి, ఐదేళ్ళు సరిగ్గా ఉండి చూపించు. తలుపు వేశారు గానీ తాళం పారెయ్యలేదు. నా గొడవంతా మనతోనే. జాయినింగ్ రోజు పాస్‌వర్డు ఎలా పెట్టుకోవాలో గంట క్లాసు పీకుతారు, ఈ సంగతి ఒక్కరూ చెప్పరు. పైగా దాన్ని చలానా అని మనమే పేరు పెట్టుకుని చిన్నది చేసుకుంటాం.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇంకో మాట. అక్కడ తాగి నడిపి అరెస్టయితే, కోర్టు తేల్చకముందే మీ వీసా స్టాంపు రద్దు చేయొచ్చు. 2015 నుంచి అలా చేస్తున్నారు. దేశంలో ఉన్నంతసేపు ఉద్యోగానికి వెంటనే అడ్డు రాకపోవచ్చు. కానీ స్టాంపింగుకనో, సరదాగా చూసొద్దామనో కెనడా వైపు బయల్దేరితే, ఇటు వాళ్ళు రానివ్వరు, అటు వీసా ఉండదు. మధ్యలో వంతెన మీద మిగులుతారు.

పోయినేడు అమ్మానాన్నల్ని నేపాల్ తీసుకెళ్ళా, పశుపతినాథ్ దర్శనానికి. మనకి ఓటరు కార్డు చాలు. నేరాల గురించి ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఖాట్మండూలో దిగాక నాన్న నవ్వుతూ, "ఇక్కడ నిన్ను బానే రానిచ్చారే" అన్నారు. ఆ విషయం మీద ఆయన నవ్వడం అదే మొదటిసారి :)

2027 జనవరిలో దరఖాస్తు పెడతా. ఫైను రసీదు, కోర్టు కాగితం లామినేషన్ చేయించి ఉంచా. మీరూ పారెయ్యకండి, ఆ చిన్న కాగితమే రేపు మీ ఐదేళ్ళు ఎప్పుడు మొదలయ్యాయో చెప్పేది. కెనడా వెళ్ళేటప్పటికి మా మేనల్లుడు పరుగులు పెడుతూ ఉంటాడు. వాడు పెద్దయ్యాక అన్నప్రాసన ఫొటోలు చూసి, మనింట్లో కాకుండా ఈ హోటల్లో ఎందుకు చేశారు మామయ్యా అని అడుగుతాడు. చెబుతా.

మొన్న శుక్రవారం టీమ్ పార్టీ. గచ్చిబౌలి నుంచి చందానగర్‌కి క్యాబు మూడువందల పది చూపించింది. మా 41 గాడు, "మామా, దోపిడీరా బాబూ" అన్నాడు. ఇద్దరం ఎక్కాం. బ్రిడ్జి దగ్గర బారికేడ్లు అలాగే ఉన్నాయి. కానిస్టేబుల్ లోపలికి తొంగిచూసి, వెనక సీట్లో ఉన్న మమ్మల్ని చూసి, పొమ్మని చెయ్యి ఊపాడు.